తోకచుక్క

మా ఊరు చిన్న మార్కెట్ అని నాకు మొట్టమొదట చెప్పింది టీవీ స్టేషన్ మేనేజరు. నేను ఉద్యోగంలో చేరిన వారంలోనే, అందరం కూర్చున్న మీటింగులో, మనది చిన్న మార్కెట్, అది గుర్తుపెట్టుకుని పనిచేయాలి అన్నాడాయన. నేను వెంటనే ఒప్పుకున్నాను. బెండకాయలు దొరకవు, కొత్తిమీర అంటే ఎవరికీ తెలియదు, పచ్చిమిరపకాయల కోసం పక్క రాష్ట్రానికి డ్రైవ్ చేయాల్సి వస్తోంది అని, నాకొచ్చిన ఇంగ్లీషులో, నిజమైన ఆవేదనతో చెప్పాను. అందరూ మర్యాదగా తలలూపారు. ఆ మార్కెట్ వేరనీ, అందులో అమ్మేది కూరలు కాదు, టీవీ చూసేవాళ్ళ కళ్ళనీ తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఎన్ని కళ్ళుంటే అంత పెద్ద మార్కెట్. మా ఊళ్ళో మనుషులకన్నా మొక్కజొన్న కంకులు ఎక్కువ. కంకిని ఇంగ్లీషులో ఇయర్ అంటారు ఇక్కడివాళ్ళు, అంటే కంకులకి చెవులున్నాయి, కళ్ళు మాత్రం లేవు.

డెబ్బైల చివరి మాట ఇది. మా ఆయన అక్కడి వ్యవసాయ కాలేజీలో నేలల గురించి పాఠాలు చెప్పేవారు. నేను ఫిజిక్స్ చదివి, చదివినదంతా పోపుల డబ్బాలో దాచుకుని ఉన్న రోజుల్లో, స్టేషన్‌లో టేపులు ఎడిట్ చేసే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. మెషిన్లంటే భయం లేదని చెప్పి చేరిపోయాను. ఎడిటింగ్‌కి తెలుగులో ఏమనాలో తోచక, కోత పని అనేదాన్ని. జెర్సీ సిటీలో ఉండి మాన్‌హట్టన్ బ్యాంకులో కంప్యూటర్ల పని చేసే మా తమ్ముడు ఫోన్‌లో ఆ మాట విని, "కోతలు కొయ్యడానికి జీతం కూడా ఇస్తారా అక్కా? ఇన్నాళ్ళూ ఇంట్లో ఊరికే కోసేశావే" అన్నాడు.

ఆ ఊరికి ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. కాలేజీ పిల్లల జట్టు కాదు, దేశమంతా తిరిగి పెద్ద పెద్ద నగరాల జట్లతో ఆడే అసలు జట్టు. అంత చిన్న ఊరికి అంత పెద్ద జట్టు ఎలా వచ్చిందో ఎవరూ సరిగా చెప్పలేకపోయేవారు. వచ్చింది కాబట్టి ఉంది. అది ఎప్పుడు లేచి వేరే ఊరు వెళ్ళిపోతుందోనన్న భయం మాత్రం అందరికీ ఉండేది. ఇంటికొచ్చిన గొప్పింటి కోడలి ముందు అత్తవారు ఒదిగి ఒదిగి తిరిగినట్టు, ఊరంతా ఆ జట్టు ముందు కాస్త ఒదిగి ఉండేది.

ఆ జట్టులో మధ్యన నిలబడి ఆడే పొడవాటి ఆటగాడి గురించి చెప్పాలి. నల్లజాతివాడు. ఎక్కడో దక్షిణాది పల్లె నుంచి వచ్చాడు. నా ఎత్తు అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ. ఆ అంగుళం ఉండుంటే నా జీవితం వేరేగా ఉండేదని నేను, ఏమీ తేడా ఉండేది కాదని మా ఆయన. అతను మొదటిసారి ఇంటర్వ్యూకి స్టేషన్‌కొచ్చినప్పుడు గుమ్మం దగ్గర వంగి లోపలికి వచ్చి, నన్ను చూసి మళ్ళీ వంగాడు. గుమ్మానికీ నాకూ కలిపి ఒకేసారి వంగుంటే నడుము నొప్పి తప్పేది అని నవ్వాడు. నన్ను మేడమ్ అనేవాడు. నా పేరును స్టేషన్‌లో అందరూ రెండక్షరాలకి కోసేస్తే, ఆ రెండక్షరాలతో పిలవడం బాగుండదని తనే మానేశాడు.

బాస్కెట్‌బాల్ నేను వెనక్కి తిప్పి నేర్చుకున్నాను. ఆట చూడగా వచ్చింది కాదు, టేపు వెనక్కీ ముందుకీ తిప్పగా వచ్చింది. అందుకే నాకు బంతి బుట్టలో పడటం కన్నా, పడకముందు ఏం జరిగిందో ఎక్కువ కనిపించేది. అలా తిప్పి చూస్తుంటే ప్రతిసారీ అక్కడ అతనే ఉండేవాడు. బంతి వేసింది ఇంకొకడు, చప్పట్లు ఇంకొకడికి. కానీ రెండు సెకన్లు వెనక్కి వెళ్తే, అతను చూడకుండానే పక్కకి అందించిన బంతి. ఇంకో సెకను వెనక్కి వెళ్తే, ఇద్దరి మధ్యనుంచి అతను గాల్లోకి లేచి లాక్కున్న బంతి. మా స్టేషన్‌లో స్పోర్ట్స్ వార్తలు చూసే పెద్దాయన, నన్ను పక్కన కూర్చోపెట్టుకుని ఆట నేర్పించినవాడు, "నువ్వు అతణ్ని వెనకనుంచి చూస్తున్నావు, దేశం ముందునుంచి కూడా చూడ్డం లేదు" అనేవాడు.

అది నిజం. ఆట అయిపోగానే నేను అరనిమిషం ముక్క కోసి, టెలిఫోన్ లైన్ మీద పెద్ద ఛానెల్ ఉన్న న్యూయార్క్‌కి పంపాలి. దేశమంతా చూసే వార్తల్లో ఆ ముక్క వేస్తారని ఆశ. వాళ్ళు ముందు న్యూయార్క్ జట్టును చూపిస్తారు, తర్వాత లాస్ ఏంజెలస్ జట్టును చూపిస్తారు, ఆ రెండు ఊళ్ళ జట్లూ ఆ రోజు ఆడకపోతే, ఎందుకు ఆడలేదో చెబుతారు. టైమ్ మిగిలితే మా స్కోరు చదువుతారు. మన పెళ్ళిళ్ళలో మొదటి బంతిలో కూర్చున్నవాళ్ళకి బూరెలు, రెండో బంతివాళ్ళకి బూరెలు అయిపోయాయన్న కబురు వడ్డించినట్టు. ఈ ఆటలో బంతి ఒకటే అనుకున్నాను గానీ, ఇక్కడా రెండు బంతులున్నాయని అప్పుడే తెలిసింది.

నాకిది ఉక్రోషం. అతనికి బతుకు. ఒకసారి ఇంటర్వ్యూ అయ్యాక, నేను అతని చొక్కాకి తగిలించిన మైకు విప్పుతుంటే (స్టూలెక్కి విప్పాను), పెద్దాయన అతణ్ని ఊరికే అడిగాడు, నీ ముక్కలు దేశంలో వెయ్యకపోతే నీకేం బాధ అని. అతను చొక్కా సర్దుకుంటూ చెప్పాడు.

"ఈ జట్టు నన్ను ఎన్నాళ్ళుంచుకుంటుందో తెలీదు సార్. రేపు వద్దంటే ఇంకో జట్టు తీసుకోవాలి. తీసుకోవాలంటే వాళ్ళు నన్ను చూసుండాలి కదా. నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు."

అంతే. పొగడ్తలు కాదు, బొమ్మలున్న పోస్టర్లు కాదు. అతనికి కావలసింది చూపు. కాళ్ళలో సత్తువ ఉండగా ఎవరో ఒకరు చూడాలి.

ఆ ఏడాది చలికాలం సెలవులకి మా తమ్ముడు వచ్చాడు. విమానం దిగుతూనే, "రన్‌వే దాటాక ఊరెక్కడుందక్కా" అని మొదలుపెట్టాడు. వాడి జట్టు న్యూయార్క్ జట్టు. వాడా దేశంలో అడుగుపెట్టి మూడేళ్ళు కూడా కాలేదు, కానీ ఆ జట్టు గురించి మాట్లాడితే తాతల నాటి ఆస్తి గురించి మాట్లాడినట్టుండేది. వాణ్ని మా ఊరి ఆటకి తీసుకెళ్ళాను. ఆ రోజు మా పొడవాటి ఆటగాడు ఎంత బాగా ఆడాడంటే, అవతలి జట్టువాడొకడు ఓడిపోతూ కూడా ఆగి అతని వీపు తట్టి వెళ్ళాడు. బయటికొచ్చాక మంచులో కారు అద్దం గీకుతూ, ఎలా ఉందిరా అని అడిగాను.

"బాగానే ఆడాడు. కానీ అక్కా, నిజంగా పెద్ద ప్లేయర్ అయితే నేను పేరు వినుండేవాణ్ణి కదా."

కళ్ళారా చూసి అన్న మాట అది. వాడి మీద కోపం రాలేదు. వాడికి ముందు చెవులతో చూపించి, తర్వాతే కళ్ళతో చూడమన్న దేశం అది.

ఇక్కడ మా స్టేషన్ పద్ధతి ఒకటి చెప్పాలి. అప్పుడు టేపు అంటే లావుపాటి పుస్తకమంత కేసెట్. అవి ఖరీదైనవి, మాకున్నవి కొద్ది. అందుకని ఆట రికార్డు చేసిన టేపు ఒకట్రెండు వారాలు ఉంచి, దాని మీదే ఇంకో కార్యక్రమం రికార్డు చేసేవాళ్ళం. పశువుల వేలం, మేయరు ప్రసంగం, వంటల కార్యక్రమం. అప్పట్లో అది ఎవరికీ తప్పుగా అనిపించలేదు. పలక తుడిచి మళ్ళీ రాసుకోవడం లాంటిది. పెద్ద ఊళ్ళలో పలకలు దాచుకుంటారట. మాకు పలక ఒకటే.

అలా ఏళ్ళు గడిచాయి. ఎనభైల మధ్యకొచ్చాం. మా అమ్మాయి నడక నేర్చి, మాటలు నేర్చి, నా ఇంగ్లీషు దిద్దే వయసుకొచ్చింది. అతనికి ముప్ఫై దాటింది. ఆ ఏడు అతని అన్న చనిపోయాడు. గనిలో పనిచేసే అన్నే అతణ్ని పెంచాడు. అంత్యక్రియలకి వెళ్ళి, రెండోనాడు తిరిగొచ్చి, ఆ సాయంత్రమే ఆట ఆడాడు. ఆడుతున్నంతసేపూ బాగానే ఉన్నాడు. బెంచీ మీద కూర్చున్నప్పుడల్లా తువ్వాలు నెత్తి మీద కప్పుకుని, మోకాళ్ళ మీదకి వంగిపోయేవాడు. తువ్వాలు కదిలేది. ఊరందరికీ సంగతి తెలుసు. చర్చి ఆడవాళ్ళు అప్పటికే వాళ్ళింటికి కూరలూ కేకులూ మోసుకెళ్ళారు. తువ్వాలు కప్పుకున్నప్పుడల్లా హాలు హాలంతా గొంతు తగ్గించుకుంది. అంతమంది జనం, అంత మెత్తగా. నాకు మాత్రం ఆ బొమ్మ చూడగానే అపశకునంలా తోచింది. నెత్తిన గుడ్డేసుకోవడం అంటే మన భాషలో ఏమిటో నాకు తెలుసు. ఇక్కడివాళ్ళకి తువ్వాలు తువ్వాలే.

పది రోజుల తర్వాత న్యూయార్క్ నుంచి ఫోన్ వచ్చింది. మేం చేయడం కాదు, వాళ్ళే చేశారు. మీ పొడవాటి ఆటగాడు తువ్వాలు కప్పుకున్న షాట్ ఉందటగా, పంపుతారా, ఆదివారం ప్రత్యేక కార్యక్రమానికి కావాలి అన్నారు. కార్యక్రమం దేని గురించి అంటే, ఆటగాళ్ళ కష్టాల గురించి అన్నారు. పెద్దాయన ముఖం నేను ఎప్పుడూ చూడనంత వెలిగింది. షాట్ ఒక్కటే కాదు, ఆ రోజు అతను ఆడిన ఆటలో మంచి ముక్కలు కూడా కోయించి, అన్నగారి సంగతి వివరంగా టైపు చేయించి, అన్నీ కలిపి పంపాడు.

నేను ఊరుకోలేదు. ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగు కుటుంబాలనీ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి పిలిచాను. పులిహోర కలిపాను. జెర్సీ సిటీకి ఫోన్ చేసి తమ్ముణ్ని టీవీ ముందు కూర్చోమన్నాను. కాలేజీలో లెక్కలు చెప్పే ఒక పెద్దమనిషి, బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో తెలియకపోయినా, మనూరివాడు అన్న ఒక్క మాటకి కోటు వేసుకుని వచ్చారు. వాళ్ళావిడ, నాకన్నా పెద్దావిడ, టీవీకి హారతివ్వాలా వద్దా అని వేళాకోళం చేసింది. పిల్లలు నేల మీద, పెద్దలు కుర్చీల్లో, పళ్ళేలు ఒళ్ళో.

కార్యక్రమం మొదలైంది. దేశమంతా తెలిసిన ఒక పెద్ద గొంతు మాట్లాడుతోంది. ఈ ఆటని కొకైన్ ఎలా తినేస్తోందో చెబుతోంది. ఎవరి పేరూ చెప్పలేదు. చాలా జట్లలో, తళుకు లేని ఊళ్ళలో, చూసే కళ్ళు తక్కువున్న చోట, ఎందరో ఒంటరిగా ఈ మత్తులో కూరుకుపోతున్నారని చెబుతోంది. ఆ మాటల కింద మా తువ్వాలు. వంగిపోయిన ఆ వీపు, కదులుతున్న ఆ తువ్వాలు, కింద నా చేతులతో కోసిన టేపు. నాకు ఆ షాట్ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తెలుసు. అది అయిపోయింది. వేరే బొమ్మ వచ్చింది.

 కోటు వేసుకున్న పెద్దమనిషి మెల్లిగా అడిగారు.

"అదేమిటమ్మా? చెప్పేది మత్తుమందుల గురించి కదా. మనవాణ్ని చూపిస్తారేమిటి?"

"ఇంకా చూపిస్తారేమో, ఉండండి" అన్నాను. చూపించలేదు. పులిహోర అలాగే ఉంది. మా అమ్మాయి నా వైపు తిరిగి, తన అమెరికా తెలుగులో, "అమ్మా, ఆ అంకుల్ బ్యాడ్ అయ్యాడా?" అంది. లేదమ్మా, వాళ్ళ అన్న చచ్చిపోయాడు అని చెప్పాను. "మరి టీవీలో చెప్పలేదేంటి?" అంది. దానికి జవాబు చెప్పగల చదువు ఆ గదిలో నలుగురికి ఉంది. నేను లేచి టీవీ కట్టేశాను.

వాళ్ళంతా వెళ్ళాక తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి గొంతులో వెటకారం లేదు, దానికే నాకు భయం వేసింది.

"మీ వాడు పొడి పీలుస్తాడని చెప్పలేదేం అక్కా?"

"వాళ్ళ అన్న పోయాడురా. ఏడుస్తున్నాడు."

"అలాగని నీకు చెప్పుంటాడు. ఊరికే చూపిస్తారా చెప్పు, అంత పెద్ద ఛానెల్?"

వాడు అతణ్ని ఎదురుగా చూసినవాడు. అతని ఆట చూసి పేరు వినలేదన్నవాడు. ఇప్పుడు మూడు సెకన్ల తువ్వాలు చూసి అంతా తెలుసన్నాడు. దేశమంతా మా తమ్ముడే అయినప్పుడు ఎవరితో పోట్లాడతాం?

పెద్దాయన న్యూయార్క్‌కి ఫోన్ మీద ఫోన్ చేశాడు. మేం ఎవరి పేరూ చెప్పలేదే అన్నారు. అది నిజమే. అన్నేళ్ళు పేరు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు. ఆ విషయంలో వాళ్ళు మాట తప్పలేదు.

సీజన్ అయ్యాక జట్టు అతణ్ని వదులుకుంది. కారణం చెప్పలేదు. పత్రికల్లో కొత్త రక్తం, కొత్త ఊపు లాంటి మాటలొచ్చాయి. వేసవంతా ఏ జట్టూ పిలవలేదు. ఆకురాలే కాలంలో పడమటి తీరంలో ఒక జట్టు నుంచి పెద్దాయనకి ఫోన్ వచ్చింది. వాళ్ళ కోచ్ కింద పనిచేసే మనిషి. మాకొక అనుభవం ఉన్నవాడు కావాలి, మీవాడి గురించి రకరకాలుగా విన్నాం, మా కొత్త కోచ్ తన కళ్ళతో చూడాలంటున్నాడు, అతని ఆటలు పూర్తి టేపులు ఒకట్రెండు పంపండి అన్నాడు.

పూర్తి టేపులు. పెద్దాయన ఫోన్ పెట్టేసి నా వైపు చూశాడు. నేను బీరువా వైపు చూశాను. బీరువాలో ఏముందో నాకన్నా బాగా ఎవరికి తెలుసు? పశువుల వేలాలున్నాయి. మేయరు ప్రసంగాలున్నాయి. పై అనే గుమ్మడికాయ మిఠాయి ఎలా చేయాలో ఉంది. జట్టు ఆఫీసుకి ఫోన్ చేశాం. వాళ్ళు మా టేపులే అరువు తీసుకునేవారు. పెద్ద ఊళ్ళవాళ్ళు దాచుకున్నవి వాళ్ళ ఆటగాళ్ళ ముక్కలే. అంతకాలం అతను ఆడిన ఆటల్లో పూర్తిగా ఒక్కటీ ఈ భూమ్మీద లేదు. న్యూయార్క్‌లో ఒక అరలో ఆ తువ్వాలు ఆట ముక్కలు మాత్రం ఉంటాయి, కానీ అడిగితే మా ఆర్కైవ్‌లో దాచినవి బయటికివ్వం అన్నారు. మేం పంపిన టేపే.

ఆ తర్వాత నాకు తోచింది ఒక ఉపాయం, ఉపాయం అనడానికి కూడా సిగ్గే. ఒక టేపు మీద ఆట ఉంది. దాని మీద ఆటకన్నా పొట్టి కార్యక్రమం రికార్డు చేస్తే, కార్యక్రమం అయిపోయాక టేపు చివర పాత ఆట మిగులుతుంది. మేయరు ధన్యవాదాలు చెప్పి కూర్చుంటాడు, కాసేపు తెర నిండా మంచు కురిసినట్టు గీతలు, తర్వాత ఉన్నట్టుండి మా హాలు, జనం, అరుపులు. ఆ మిగులుకి మేం తోకలని పేరు పెట్టుకున్నాం. పెద్దాయనా నేనూ మధ్యాహ్నం భోజనాల వేళల్లో కూర్చుని, బీరువాలో టేపులన్నీ ఒక్కొక్కటి చివరిదాకా తిప్పాం. సాండ్‌విచ్ ఒక చేత్తో, మెషిన్ తిప్పే నాబ్ ఒక చేత్తో. తోక దొరికినప్పుడల్లా కోసి ఒక కొత్త టేపు మీద అతికాను. ఆ టేపు వీపు మీద అంటించిన కాగితం మీద తెలుగులో తోకచుక్క అని రాశాను. స్టార్‌కి తోకలే మిగిలితే ఇంకేమంటారు? పెద్దాయన దాని అర్థం అడిగి, ఆకాశంలో అది కనిపిస్తే మీవాళ్ళు మంచిదంటారా చెడ్డదంటారా అన్నాడు. మంచిదని చెప్పాను. అబద్ధం చెప్పినా పట్టుకునే తెలుగు ఆ స్టేషన్‌లో లేదు.

ఇంకో సంగతి మేం ముందు ఆలోచించలేదు. తోక అంటే టేపు చివర. టేపు చివర అంటే ఆట చివర. అంచేత మాకు దొరికినవాటిలో బంతి పట్టుకున్న ముక్కలు పిడికెడు. తక్కినవన్నీ గంట మోగాక జరిగినవి. అతను అవతలివాళ్ళతో చేతులు కలపడం. జనంలోంచి చేతులు చాస్తే తట్టుకుంటూ పోవడం. లోపలి దారిలోకి నడిచి వెళ్ళిపోవడం. కొన్నింట్లో గెలిచి, కొన్నింట్లో ఓడి. మొత్తానికి నడక.

నేను అలవాటు ప్రకారం వాటిని ఏళ్ళ వరసన అతికాను. పెద్దాయన మొదటిసారి మొత్తం వేసి చూశాడు. సగం అయ్యాక కుర్చీలో ముందుకి జరిగాడు. ఆపమనలేదు. అయిపోయాక, "మళ్ళీ వెయ్యి" అన్నాడు. మళ్ళీ వేశాను. అప్పుడు నాకూ కనిపించింది.

మొదటి తోకల్లో అతను నేలని లెక్కచేయనట్టు నడుస్తాడు. నాలుగైదు తోకలయ్యాక కుడికాలు కొంచెం ఆలస్యంగా వస్తుంది. తర్వాత ఇంకొంచెం. చివరి తోకల్లో గంట మోగేదాకా పరిగెత్తినవాడు, గంట మోగగానే ఒక పక్కకి ఒరిగి, మోకాలు వంచకుండా నడుస్తున్నాడు. ఆటలో ఎవరికీ కనపడనివ్వలేదు. ఆట అయిపోయాక ఎవరు చూస్తారని వదిలేసుకున్నాడు. మా కెమెరా చూసింది.

"వరస మార్చు" అన్నాడు పెద్దాయన. ముక్కలు కలిపేశాను. పాతవీ కొత్తవీ అటూ ఇటూ పెట్టి, కుంటు ఉన్న ప్రతి ముక్కకీ పక్కన కుంటు లేని ముక్క వచ్చేలా. చూస్తే, ఒకరోజు దెబ్బ తగిలినట్టు, ఇంకోరోజు బాగున్నట్టు ఉంది. నా కోత పనిలో అంత నేర్పుగా చేసిన కోత ఇంకోటి లేదు.

పంపేముందు తను ఒకసారి చూస్తానన్నాడు అతను. శనివారం పొద్దున్న వచ్చాడు. గుమ్మం దగ్గర వంగాడు. నా చిన్న గదిలో మోకాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక పక్కకి తిరిగి కూర్చున్నాడు. టేపు వేశాను. మొదట్లో తన జుట్టు చూసి నవ్వాడు. అంత జుట్టుతో తలుపుల్లో ఎలా పట్టానో అన్నాడు. తర్వాత నవ్వడం మానేశాడు. అతనికి ప్రతి ఆటా తెలుసు. బూట్లు చూసి ఏ ఏడాదో చెప్పగలడు.

"మీరు కలిపేశారు" అన్నాడు.

పెద్దాయన కిటికీలోంచి బయటికి చూశాడు. "అవును" అన్నాను నేను.

"వరసలో పెట్టి చూపించండి మేడమ్."

వరసలో పెట్టడానికి చాలాసేపు పట్టింది. అతను కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు. వేశాను. ముందుకి వంగి, తన నడకని తనే, ఏళ్ళ తరబడి, ఒక తెర మీద చూసుకున్నాడు. ఒకచోట చెయ్యెత్తి ఆపమన్నాడు. తెలిసి కూడా, అది ఏ ఏడాదని అడిగాడు. చెప్పాను.

"నేను ఇంకా తర్వాత అనుకున్నాను. మా ఆవిడకి కూడా తర్వాతే చెప్పాను" అన్నాడు. మోకాలి మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు, అది ఎవరిదో అన్నట్టు. "డాక్టరుకి చూపిస్తే జట్టుకి తెలిసిపోతుందని చూపించలేదు. చూపించుంటే ఇంకో రెండేళ్ళు ఆడేవాణ్ణేమో."

"కలిపినదే పంపుదాం. ఎవరూ కనిపెట్టలేరు" అన్నాడు పెద్దాయన.

"కనిపెడతారు సార్. వాళ్ళు చూసేదే అందుకు." తెర వైపు చెయ్యి చూపించి, "వద్దు. ఇది పంపకండి. ఒక అబద్ధం బొమ్మ నా గురించి ఇప్పటికే ఉంది" అన్నాడు.

పెద్దాయన అప్పుడే, ఆ గదిలోంచే, పడమటి తీరానికి ఫోన్ చేశాడు. ఆ మనిషి దొరికాడు. ఇటువైపు మాటలే మాకు వినిపించాయి. టేపులు లేవండీ, ఒక్కటి కూడా లేదు అన్నాడు పెద్దాయన. మా దగ్గర మిగలవు, చెరిపేస్తాం అన్నాడు. అవతల ఏదో అడిగారు. "ఎనిమిదేళ్ళు వారం వారం చూశాను. అంత బాగా ఆడినవాణ్ని నేను చూడలేదు. నా మాట తీసుకోండి" అన్నాడు. ఆయన గొంతు అలా పలకడం నేను ఎప్పుడూ వినలేదు, అప్పు అడిగేవాడి గొంతులా ఉంది. అవతల చాలాసేపు మాట్లాడారు. పెద్దాయన ఊఁ కొట్టి, సరే అని, ఫోన్ పెట్టేశాడు.

అతను అప్పటికే లేచి కోటు వేసుకుంటున్నాడు. 

"నిన్ను చూశారట. గుర్తున్నావన్నారు" అన్నాడు పెద్దాయన.

దేశం అతణ్ని చూసింది ఒక్కసారే, మూడు సెకన్లు, తువ్వాలు కింద. అతను నాకు థాంక్స్ చెప్పి, గుండీలు పెట్టుకుని, వంగి బయటికి నడిచాడు. నేను మెషిన్ ఆపేశాను.